జాకీచాన్ కూడా మన సైటు మనిషే

శుక్రవారం సెలవు కదా, పోస్టు కొంచెం పెద్దగుంటది. ఓపికతో చదువుండ్రి.

మొన్న రూములో జాకీచాన్ పాత సినిమా పెట్టినం. ఒక్క ఫోను చుట్టూ తొమ్మిది మందిమి. చిన్నప్పుడు ఊర్లె వీసీఆర్ కిరాయికి తెచ్చి చూసినోళ్లమే అందరం. కానీ ఆయన కూడా పరాయి దేశంల కూలిపని చేసిండని మాలో శానామందికి తెల్వదు. అందుకే రాస్తున్నం.

1954లో హాంకాంగులో పుట్టిండు. అసలు పేరు చాన్ కాంగ్-సాంగ్. అమ్మానాయినలు చైనాల యుద్ధం నుంచి పారిపోయి వచ్చినోళ్లు. ఫ్రెంచి దౌత్య అధికారి ఇంట్లో నాయిన వంట, అమ్మ ఇంటిపని. తర్వాత నాయినకు ఆస్ట్రేలియాలో, కాన్‌బెర్రాలోని అమెరికా ఎంబసీల వంటపని దొరికింది. పిల్లగాన్ని హాంకాంగులోనే చైనా నాటకాల బడిల పెట్టి పోయిండు. పదేండ్ల ఒప్పందం. కొన్నాళ్లకు అమ్మ కూడా పోయింది. బడిలో పొద్దున్నుంచి రాత్రిదాకా పల్టీలు, పాట, కర్రసాము. తప్పు చేస్తే దెబ్బలు.

ఈ ముచ్చట చెప్తుంటే రూములో ఎవ్వరం మాట్లాడలే. మేమూ పిల్లల్ని హాస్టల్ల, అమ్మమ్మ ఇంట్ల పెట్టి విమానం ఎక్కినోళ్లమే.

బడి అయిపోయేసరికి ఆ నాటకాలు చూసేటోళ్లు తగ్గిండ్రు. సినిమాల్లో దెబ్బలు తినే పని పట్టుకున్నడు. బ్రూస్‌లీ 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ', 'ఎంటర్ ద డ్రాగన్'లో తన్నులు తిన్న గుంపుల ఈయన కూడా ఉన్నడు. తర్వాత చేతిలో పని లేక కాన్‌బెర్రాకు పోయి, బిల్డింగు సైటులో కూలికి చేరిండు. అక్కడ జాక్ అని ఒక తోటి పనోడు వెంటేసుకొని తిరిగితే, ఈయన్ని 'లిటిల్ జాక్' అన్నరు. అదే జాకీ అయింది. ప్రపంచమంతా పిలిచే పేరు సైటులో పెట్టిన పేరన్నమాట.

మా దగ్గర అట్ల కూడా లేదు. సూపర్‌వైజర్లం అయినంక మేము మనిషిని హెల్మెట్ మీది నంబరుతోనే పిలుస్తున్నం. తప్పే.

1976లో హాంకాంగు నుంచి టెలిగ్రాం వస్తే తిరిగి పోయిండు. మొదటి సినిమాలు ఆడలే. 1978లో 'డ్రంకెన్ మాస్టర్'తో నిలబడ్డడు. 'ప్రాజెక్ట్ ఏ'ల గడియారం గోపురం మీదికెల్లి పడ్డది మనందరం చూసినదే. అంత ఎత్తునుంచి పడి బతికినోడు, 1986లో యుగోస్లావియాల షూటింగుల చెట్టుకొమ్మ విరిగి పడితే పుర్రె పగిలింది. ఆపరేషన్ చేసి బతికించిండ్రు. ఆ చెట్టు అంత పెద్ద ఎత్తేం కాదు. పెద్ద ఎత్తుల మనిషి భయంతోని జాగ్రత్తగ ఉంటడు, తక్కువ ఎత్తుల నిర్లక్ష్యం చేస్తడు. "గింతదానికి బెల్టెందుకన్నా" అనే తమ్ముళ్లు ఇది యాది పెట్టుకోండ్రి. ఆయనకు కెమెరా వెనుక టీము ఉన్నది. మన వెనుక ఇల్లు ఒక్కటే ఉన్నది.

2016లో ఆయనకు గౌరవ ఆస్కార్ ఇచ్చిండ్రు. ఇన్ని బహుమతులు తెచ్చినవు, అది ఎప్పుడు తెస్తవురా అని నాయిన అడుగుతుండేటోడని ఆరోజు చెప్పుకున్నడు. ఆ నాయిన 2008లోనే పోయిండు.

దూరం పోయిన నాయినకు చూపించాలని కొడుకు ముసలితనం దాకా ఎదురుచూసిండంటే, మన పిల్లలు కూడా ఏదో ఒకటి దాచిపెట్టుకొనే ఉంటరు. ఇయ్యాల ఫోన్ చేసినప్పుడు పైసలు ముట్టినయా అని కాకుండా, మాకు చూపించనీకి ఏమన్న ఉన్నదా బిడ్డా అని అడుగుదాం.

రేపటి నుంచి మా సైటుల పేర్లతోనే పిలుస్తం. పేర్లు మరిచిపోతే మీరే గుర్తు చెయ్యుండ్రి. ఉంటం.