హర్గిలా

ఊరు శుభ్రపడినచో సర్వజీవులకును మేలే యని మేము బడిలో బోధించుచుందుము. మనుష్యుల విషయమున నిది నిజము. పక్షుల విషయమున నెంతవఱకు నిజమో హర్గిలా చరిత్ర తెలుపగలదు.

హర్గిలా యనునది మనిషి భుజముల యెత్తున నిలుచు బోడితల కొంగ. అస్సామీభాషలో నీ పేరునకు ఎముకలను మ్రింగునది యని యర్థము. తిమింగిలశబ్దములోని 'గిల'యే యిందును గలదు. 19వ శతాబ్దమున కలకత్తా వీధులలోని మాంసశేషములను, కళేబరములను ఈ పక్షులే తినివేసెడివి. ఆ నగర పురపాలకసంఘపు పాత చిహ్నమున రెండు హర్గిలాలు నిలిచియుండెను.

పిమ్మట మురుగుకాలువలు వచ్చినవి. చెత్త బండ్ల కెక్కినది. అదే కాలమున బర్మాలోని సిటాంగునదీ ప్రాంతపు గూళ్లును అంతరించినవి. 20వ శతాబ్దమున కలకత్తాలో హర్గిలా కానరాదయ్యెను. అంతమాత్రమున మురుగుకాలువలు వలదందుమా? కలరాకు బిడ్డల నప్పగించి పక్షులను నిలుపుకొందుమా?

నేడు హర్గిలా అస్సాము, బీహారు, కాంబోడియాలలోనే గూళ్లు పెట్టుచున్నది. గౌహతిలో నివి యేండ్ల తరబడి ఊరి చెత్తదిబ్బపై బ్రదికినవి. ఆ తిండిలో ప్లాస్టిక్కును గలదు. ఆ ప్రాంతముననే దీపర్ బీల్ అను సరస్సు కలదు. చేపలు, కప్పలు, పాములు గల యట్టి నీటిపట్టులే హర్గిలాకు సహజమైన భోజనశాలలు. దిబ్బనుండి దిగు మురుగు సరస్సును చెఱచినచో, దిబ్బను తొలగించిన నాడు పక్షికి రెండుచోట్లను తిండి యుండదు.

గూటి సంగతియు నిట్టిదే. అస్సాము గ్రామములలో దీనిని అపశకునమని యెంచి గూళ్లున్న చెట్లను నఱికెడివారు. పూర్ణిమాదేవి బర్మన్ అను విదుషి ఇల్లిల్లు తిరిగి స్త్రీలను కూడగట్టినది. నేడా స్త్రీలే చెట్లను కాచుచు, పక్షి గ్రుడ్లుపెట్టు కాలమున సీమంతమువంటి వేడుక చేయుచున్నారు. 2022లో ఐక్యరాజ్యసమితి ఆమెను సత్కరించినది.

సంస్కరణ మానవలసిన పనిలేదు. దానిని సగములో నాపరాదు. చదువరులారా! మీ యూరి చెత్తదిబ్బను తరలింప నెంచినప్పుడు, ప్రక్కనున్న చెఱువునుగూడ బాగుచేయుడనియు, గూళ్లున్న చెట్లను ముట్టవలదనియు పురపాలకసంఘమువారి నడుగుడు. ఈలోగా వంటింటి చెత్తలో ప్లాస్టిక్కును కలుపకుండుట మన యిండ్లలో నేడే చేయదగిన పని.