అమ్మీ గహన్ హిసాబ్

మా సూర్యాపేట ఇంట్లో గహన్ అంటే తలుపులు మూసుకోవడమే. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన మీదుగానే పోయింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ ఆ నీడ దారిలోనే ఉన్నాయి. ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో సైంటిస్టులు ఆ చీకటి కోసం కాచుకొని కూర్చున్నారు. మా అమ్మీ మాత్రం కమరాలో గోడవైపు తిరిగి పడుకుంది. అప్పుడామెకు ఏడో నెల. కమరాలోకి పోయే ముందు అబ్బా పాన్‌దాన్ కోసం ఒక్క సుపారీ కత్తిరించింది.

ఏప్రిల్ చివర భాయిజాన్ పుట్టాడు, పై పెదవి చీలి. తెలుగులో దాని పేరే గ్రహణం మొర్రి. పేరులోనే ఫైసలా ఉంది, ఇంక గవాహీ ఎందుకు? దాదీమా బతికున్నన్నాళ్లూ ఆ సుపారీ మాట ఎత్తింది. భాయిజాన్‌కు ఆపరేషన్ అయింది, నికాహ్ అయింది, పిల్లలు పుట్టారు. మీసం కింద మచ్చ కూడా కనపడదు. అమ్మీ మాత్రం మళ్లీ సరోతా ముట్టలేదు.

నేను కోదాడలో సైన్స్ టీచర్‌ని. నాలుగేళ్ల కింద ఒక చిన్న టెలిస్కోప్ కొన్నాను. మొదట బడి పిల్లలకు, తర్వాత చాంద్ రాత్ నాడు మొహల్లా వాళ్లకు చూపించాను. సగం చందమామ ఉన్న రోజుల్లో మిర్యాలగూడలో ఖాలా వాళ్ల ఇంటి ముందు పెడితే గల్లీ అంతా వచ్చేది. ఔరతులు వెనక నిలబడిపోతున్నారని వాళ్లకు వేరే లైన్ పెట్టాను. ఒకరోజు కడుపుతో ఉన్న ఒక పిల్ల అత్తను చూసి, నన్ను చూసి మెల్లగా అడిగింది: "బాజీ, నేను చూడొచ్చా?"

ఆ రోజు గహన్ కూడా లేదు. ఉత్త చందమామ! ఆమెకు చూపించాను. చంద్రుడి గుంటలు చూసి నవ్వింది. నాకు నిద్ర పట్టలేదు.

బిడ్డ పై పెదవి కడుపులో నాలుగో వారం నుంచి ఏడో వారం లోపే అతుక్కుంటుంది. అతుక్కోకపోతే అప్పుడే చీలిక ఉండిపోతుంది. అంటే 1980 ఫిబ్రవరికి నెలల ముందే ఆ పెదవి సంగతి తేలిపోయింది. సూర్యుడికీ సుపారీకీ దానితో వాస్తా లేదు. ఊరూరా తిరిగి ఇల్మ్ పంచే నేను ఈ హిసాబ్ మా అమ్మీకి చెప్పనే లేదు.

మరునాడు సూర్యాపేట పోయి వేళ్ల మీద లెక్కపెట్టి చూపించాను. అమ్మీ చాలాసేపు మాట్లాడలేదు. "రసూలుల్లాహ్ కొడుకు ఇబ్రాహీం వఫాత్ అయిన రోజే సూర్యుడికి గహన్ పట్టింది. అది ఎవరి చావుకూ పుట్టుకకూ పట్టదని ఆయనే చెప్పారు. చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. అయినా నన్ను కమరాలో పెట్టారు" అంది. ఆ తర్వాత, "నువ్వన్నా ముందే చెప్పొచ్చు కదా బేటీ" అంది.

దానికి నా దగ్గర జవాబ్ లేదు.

2025 సెప్టెంబర్ 7 రాత్రి చాంద్ గహన్. మబ్బులు వచ్చి పోతున్నాయి. పదకొండింటికి చంద్రుడు మొత్తం భూమి నీడలోకి పోయి రాగి రంగు తిరిగాడు. "నల్లగా అవుతాడనుకున్నా" అంది అమ్మీ. భూమి చుట్టూ ఉన్న గాలిలోంచి వంగి పోయే ఎర్రటి వెలుతురు అతని మీద పడుతుందని చెప్పాను. ఆమె నమాజ్ చదివి మళ్లీ మిద్దె మీదికొచ్చింది, ఒక్క మెట్టూ నా చెయ్యి పట్టుకోకుండా. ఫోన్ తీసి భాయిజాన్‌కు కలిపింది.

"పండుకున్నావా బేటా? లే. బయటికి రా. బహూనూ పిల్లలనూ కూడా లేపు."