ముసలికాడ – పసిపిలక

పిల్లలూ! మా ఇంట్లో డెండ్రోబియం అనే ఆర్కిడ్ మొక్క ఉన్నది. ఎండలకు దాని ఆకులన్నీ రాలి, కాడ ముడతలు పడిపోయింది. ఇప్పుడు దాని మొదట్లో చిటికెనవేలంత పిలక పుట్టింది. “తాతయ్యా, ముసలికాడను కోసేద్దామా?” అన్నది మా మనవరాలు. నేను వద్దన్నాను. ఎందుకో తెలుసా? కాడలో నిలవున్న నీరూ, ఆహారమూ పిలకకు అందుతాయి. సొంత వేళ్లు ఊనుకునేదాకా పిలకకు అదే ఆధారం.

ఈ మొక్కకు మట్టి పనికిరాదు. బొగ్గులూ, పెంకుముక్కలూ వేయాలి. పైకి కనిపించే వేళ్లు తెల్లబడితే నీళ్లు పోయండి; పచ్చగా ఉంటే ఆగండి. ఎప్పుడూ తడిగా ఉంటే వేళ్లు కుళ్లిపోతాయి.

కాడ గోధుమరంగుకు తిరిగి, డొల్లబడితేనే కోయాలి. అంతదాకా అది పిలకకు అమ్మమ్మ అనుకోండి!