భూప్రదక్షిణపు టిక్కెట్టు

మా తల్లిగారికి డెబ్బదియొకటవ యేట భూప్రదక్షిణము చేయు యోగము పట్టినది. ఇది అతిశయోక్తి కాదు. మా తమ్ముఁడు అమెరికాలోని డల్లాసునందును, మా చెల్లెలు ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్నునందును కాపురము లున్నారు. మేము మాత్రము మార్కాపురమున బడిపిల్లలకు సంస్కృతమును, అవసరము పడినప్పు డింగ్లీషును జెప్పుకొనుచు నిచ్చటనే యున్నాము. ఇద్దఱును అమ్మను రమ్మని పిలిచిరి. ఆమెను రెండుమాఱులు పంపి రెండుమాఱులు రప్పించుటకంటె, పడమటికిఁ బోయి పోయి తూర్పుననుండి యింటికి వచ్చు నొక్క టిక్కెట్టు కొనుట మేలని మా తమ్ముఁడు లెక్క కట్టి చూపెను.

ఇట్టి టిక్కెట్టు కలదని మే మంతకుముం దెఱుఁగము. విమానసంస్థ లనేకములు కూటములుగాఁ జేరి యున్నవి. 1997 లో స్టార్ అలయన్సును, 1999 లో వన్‌వరల్డును, 2000 లో స్కైటీమును ఏర్పడెను. మన ఎయిరిండియా 2014 లో మొదటి కూటమిలోఁ జేరినది. ఒక కూటములోని పలు సంస్థల విమానములమీఁద నొక్క టిక్కెట్టుతో భూగోళమును జుట్టి రావచ్చును. నియమములు మాత్రము వ్రతకల్పములోని నియమములకుఁ దీసిపోవు. అట్లాంటికు సముద్రము నొకసారి, పసిఫికు సముద్రము నొకసారి దాఁటవలయును. ఒకే దిక్కుగాఁ బోవలయును. బయలుదేఱిన దేశమునకే తిరిగి రావలయును. మా టిక్కెట్టునకు గడువు సంవత్సరము, ప్రయాణఖండములు పదునాఱు మించరాదు. నడుమ నేలమీఁదఁ బోయినను అదియు నొక ఖండముగానే లెక్కకు వచ్చును.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18 న చెన్నపట్టణము విడిచి, కాశికిఁ బోయి, వచ్చునప్పుడు వేఱుదారిని సముద్రతీరము వెంబడి 1831 సెప్టెంబరు 3 న నిల్లు చేరిరి. ఆయనదియు నొక ప్రదక్షిణమే. నచ్చినచోట నిలిచిరి, నచ్చనిచోట లేచిపోయిరి. దారి మార్చినందులకుఁ బల్లకీబోయీలు రుసుము వ్రాసి చేతఁ బెట్టలేదు. ఈ కాలమున దూరము తఱిగినది కాని మనసు మార్చుకొనుటకు వెల పెరిగినది.

ప్రయాణమునకు ముందు మే మొక మార్కాపురపు పలక తీసికొని, బలపముతో గుండ్రముగా గీఁత గీసి, హైదరాబాదు, గల్ఫునగరము, డల్లాసు, లాసేంజిలీసు, మెల్‌బోర్ను అని గుర్తులు పెట్టి అమ్మకుఁ జూపితిమి. చెల్లెలి ముచ్చట తీర్చుటకు మెల్‌బోర్నునుండి సిడ్నీకిఁ బోయి వచ్చుటయుఁ జేర్పఁబడినది. అమ్మ తేదీ లడిగెను. లాసేంజిలీసులో ఆదివారము రాత్రి పది గంటలకు విమాన మెక్కవలయును, మంగళవారముదయము మెల్‌బోర్నులో దిగవలయును అంటిమి.

"మరి సోమవారం ఏమైంది నాయనా?"

మాకు నవ్వు వచ్చెను. గ్రీనిచ్చి మీఁదుగాఁ బోవు రేఖను మొదటి రేఖగా 1884 లో వాషింగ్టనున నిరువదియైదు దేశములవారు కూడి యెంచుకొనిరని, దాని కావలిప్రక్కను పసిఫికు నడుమ తేదీ మాఱు రేఖ యున్నదని, తూర్పుగా దాఁటినవారి కొకనాఁడు కలిసివచ్చుననియు, పడమరగా దాఁటినవారి కొకనాఁడు పోవుననియు బడిలోఁ జెప్పినట్లే చెప్పితిమి. జూల్ వెర్ను 1872 లో వ్రాసిన కథలో నాయకుఁడు తూర్పుగాఁ బోయి యొకనాఁడు సంపాదించి పందెము గెలిచెననియుఁ జెప్పితిమి. అమ్మ అంతయు విని, మెల్లగా "ఆ సోమవారమే మీ నాన్న తిథి" అనెను.

పంచాంగము తీసి చూచితిమి. మార్గశిర బహుళములో మా తండ్రిగారి ఆబ్దికము సరిగా నానాఁడే పడినది.

ఇక్కడ మా తప్పొకటి చెప్పుకొనవలసియున్నది. సంస్కరణాభిమానులమని పేరు మోయుచున్న మేము తొందరపడి యొక ఉపన్యాసము చేసితిమి. తిథి యనఁగా సూర్యచంద్రుల నడిమి దూరమునఁ బండ్రెండంశల భాగమనియు, ఆ భాగము గడచుట భూమికంతకు నొక్కటే క్షణమనియు, చంద్రునికిఁ దేదీరేఖ తెలియదనియు, పోవునది వారమే కాని తిథి కాదనియు వాదించితిమి. తద్దినము పెట్టువాఁడను నే నిక్కడ నుండఁగా నీకేమి చింత యంటిమి. శాస్త్రమున నొక్క యక్షరము తప్పలేదు. అయినను అమ్మ యడిగినది శాస్త్రము కాదు. పదునొకం డేండ్లుగా ఆనాఁడామె యొంటిపూఁట భుజించి, ఆయన కిష్టమైన గోంగూర తాను ముట్టక యెవరికో యొకరికిఁ బెట్టుచుండెను. అది యే గ్రంథమునను విధింపఁబడలేదు. ఆ పగలును ఆకాశమున, చీఁకటిలో, తనకుఁ దెలియకుండ జాఱవిడుచుకొనుట కామె కిష్టము లేకపోయెను. "నేల మీద ఉంటే చాలు నాయనా, ఏ నేలైనా సరే" అనెను. మా యింటిలో చదువుకొన్నది మేమే యైనను, ఆ మాటకు మాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను.

తేదీ మార్పవలయునని నిశ్చయించి యామెను సాగనంపితిమి. యెఱ్ఱగొండపాలెము, మాచెర్ల, నాగార్జునసాగరము మీఁదుగా హైదరాబాదునకు కారులోఁ బోవు నంతసేపును ఆమె చేతిసంచిలో పలక యుండెను. అద్దముగాదు, పగులదు లెండని చెప్పినను ఒడిలోనుండి దింపలేదు.

మా టిక్కెట్టు నియమములయందుఁ దేదీ మాత్రమే మార్చినచో విమానసంస్థకు రుసుము లేదు. అదే తరగతిలో, అదే ధరజాతిలో చోటు దొరకవలయును, అంతే. ఊరు మార్చిననో, ఖండము తీసివేసిననో 125 డాలర్లు. ఇది మార్పున కింతయని కాని, ఖండమున కింతయని కాదు. కావున మార్పవలసినవన్నియు నొక్కమాఱు మార్చినవాఁడు బుద్ధిమంతుఁడు. మా తమ్ముఁడు బుద్ధిమంతుఁడే కాని యోర్పు లేనివాఁడు. మొదటి వారముననే టిక్కెట్టమ్మిన మధ్యవర్తికిఁ జెప్పి ప్రయాణమును మూఁడునాళ్లు వెనుకకు జరిపెను. సంస్థ తీసికొనని రుసుమును మధ్యవర్తి తన సేవకని తీసికొనెను.

తరువాతి వారము రాత్రి పదునొకండుగంటలకు ఫోను చేసి సంతోషముతోఁ జెప్పెను: "అన్నయ్యా, అమ్మను డల్లాసునుంచి లాసేంజిలీసుదాఁకా కారులో తీసికొని పోతాను. దారిలో గ్రాండ్ కాన్యన్ చూపిస్తాను. ఆ విమానము ఎక్కకపోతే ఏమి, డబ్బు వాళ్లకే మిగులుతుంది గదా!"

మాకును అది న్యాయముగానే తోఁచెను. కొన్న యరఁటిపండ్లలో నొకటి తినకున్నచోఁ దక్కినవానిని అంగడివాఁడు లాగికొనఁడు గదా. కాని నిద్ర పట్టక, నియమముల పత్రమును దీపమువద్ద నాద్యంతము చదివితిమి. న్యాయశాస్త్రపుఁ బంక్తులకంటె బిగువైన యింగ్లీషది. అందొక వాక్యము కలదు: ప్రయాణఖండములను వరుసగా వాడవలయును, ముందు తెలుపక యొకదానిని విడిచినచో వెనుకటివన్నియు రద్దగును. అనఁగా డల్లాసులో నొక్క విమాన మెక్కకున్నచో లాసేంజిలీసున, మెల్‌బోర్నున, తుదకు హైదరాబాదునకు వచ్చుటకును అమ్మకుఁ జోటు లేదన్నమాట. డెబ్బదియొకటవ యేట, ఇంగ్లీషు రాని యామె, పసిఫికు తీరమున నర్ధరాత్రము నిలిచిన చిత్రము మా కన్నులకుఁ గట్టెను.

వెంటనే తమ్మునకు ఫోను చేసితిమి. అచ్చటఁ బగలు, వాఁడు పనిలో నుండెను. ఈమాఱు మధ్యవర్తిని విడిచి, టిక్కెట్టు జారీచేసిన సంస్థతోనే మాటలాడి, ఆ ఖండమును నేలదారిగా మార్పించెను. 125 డాలర్లు చెల్లినవి. ముందే యోచించి రెండు మార్పులు నొక్కమాఱు చేయించియున్నచో మధ్యవర్తి సొమ్ము మిగిలెడిది. సంస్థయే తన విమానకాలమును మార్చి మన ప్రయాణమును జెఱచినప్పుడు మాత్రము రుసుము లేకుండ మార్పించుకొనవచ్చునని యా సందర్భముననే తెలిసినది. ఆ యదృష్టము మాకుఁ బట్టలేదు.

తిథినాఁడు మేము మార్కాపురమున అపరాహ్ణమున ఆబ్దికము పెట్టితిమి. అప్పటికి డల్లాసులో నర్ధరాత్రము దాఁటి చాలసేపైనది. అమ్మ మేలుకొనియే యుండెను. తెల్లవాఱినపిదప నొంటిపూఁట భోజనము చేసి, ఇండియా దుకాణమునఁ దెచ్చిన గోంగూరను ఎదురింటి మెక్సికో యిల్లాలి కిచ్చినదని మఱునాఁడు తమ్ముఁడు చెప్పెను. ఆ యిల్లాలు దానిని గిన్నె ఖాళీయగువఱకుఁ దినెనఁట.

మెల్‌బోర్ను చేరునప్పటికి అమ్మకు మోఁకాళ్లనొప్పి హెచ్చినది. సిడ్నీకిఁ బోనని మొండికెత్తెను. పోకున్నచోఁ దెలియపఱచి యా రెండు ఖండములు తీసివేయింపవలయును, మరల 125 డాలర్లు. తెలుపక మానినచో ఇల్లు చేరు టిక్కెట్టే పోవును. చెల్లెలు సంగతి చెప్పఁగా నామె కొంతసే పాలోచించి, "అంత డబ్బు పోసి ఇంట్లో కూర్చోవడం ఎందుకే, పోయి వద్దాం పద" అనెనఁట. రుసుము తప్పించుకొనుటకై సిడ్నీ చూచిన యాత్రికురాలు మా తల్లిగారుగాక మఱియొకరున్నారో లేదో.

మాఘమున నామె యిల్లు చేరినది. పలకమీఁది గీఁత సగము చెఱిగిపోయినది. స్నానముచేసి అరుఁగుమీఁదఁ గూర్చుండిన పిదప సిడ్నీలో నేమి చూచితివని యడిగితిమి.

"సముద్రం. పెళ్లైన కొత్తల్లో మీ నాన్న మద్రాసులో చూపించాడే, అదే. కాకపోతే అక్కడ మురుకులు అమ్మేవాళ్లు లేరు."