కనిపించని పగులు

1955 ఫిబ్రవరిలో భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం వల్ల భిలాయిలో ఉక్కు కర్మాగారం వెలసింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించినారు. పని వెదుక్కుంటూ దేశం నలుమూలల నుంచి జనం వచ్చినారు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగువారు వారిలో ఎందరో ఉన్నారు. అటువంటి ఒక ఇంటిలో పుట్టినవాడు ఈ వ్యాసంలోని ప్రోగ్రామరు. తండ్రి రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో పనిచేసినాడు. కొడుకు కంప్యూటరు ముందు కూర్చొని కోడ్ వ్రాస్తాడు.

ఉక్కును గురించి తండ్రి చెప్పిన ఒక సంగతి కొడుకు మనసులో నిలిచిపోయింది. కరిగిన ఉక్కులో చేరిన హైడ్రోజన్ బయటికి పోకుండా మిగిలితే, పట్టా చల్లారిన తరువాత దాని గర్భంలో సన్నని పగుళ్లు పుడతాయి. పైకి పట్టా నున్నగా, నిండుగా కనిపిస్తుంది. ఎన్నో బండ్లు దానిమీద క్షేమంగా నడిచిపోతాయి. ఒకనాడు అది విరుగుతుంది. అందువల్లనే కరిగిన ఉక్కును శూన్యంలో ఉంచి వాయువును లాగివేస్తారు. తయారైన పట్టాను చెవికి వినిపించని ధ్వనితరంగాలతో పరీక్షిస్తారు. కోడ్‌లోని దోషాలు కూడ ఈ జాతివేనని కొడుకు అభిప్రాయం.

అన్ని వింతలూ దోషాలు కావు. 0.1కి 0.2 కలపమంటే అనేక ప్రోగ్రామింగ్ భాషలు 0.30000000000000004 అని జవాబు చెప్తాయి. యంత్రం సున్న, ఒకటి అనే రెండు అంకెలతోనే లెక్క కడుతుంది. మన పద్ధతిలో మూడవ వంతును 0.333 అని ఎంత దూరం వ్రాసినా ముగియనట్లే, దాని పద్ధతిలో పదవ వంతు ముగియదు. ఎక్కడో ఒకచోట తెంచక తప్పదు. చివర కనిపించే ఆ 4 తెంపిన చోట మిగిలిన పోగు. తెలిసినవారు నవ్వుకొని సర్దుకుంటారు.

కాలాన్ని లెక్కించే పద్ధతిలోని చిక్కు ఇంత అమాయకమైనది కాదు. 1970 జనవరి 1 నుంచి గడచిన సెకన్లను లెక్కపెట్టడం ఎన్నో యంత్రాలకు అలవాటు. ఆ లెక్కకు 32 బిట్ల చోటు మాత్రమే ఇచ్చిన పాత వ్యవస్థలలో 214 కోట్ల పైచిలుకు సెకన్లతో చోటు నిండిపోతుంది. 2038 జనవరి 19న, భిలాయిలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు, ఆ లెక్క చివరికి చేరుతుంది. అప్పటికి సరిదిద్దకపోతే మరుసటి సెకనులో ఆ గడియారం 1901 డిసెంబరులోకి వెనుకకు దూకుతుంది. ఆ చోటు కేటాయించినవారు అవివేకులు కారు. మెమరీ ఖరీదైన దినాలవి. తాము వ్రాసినది అంతకాలం బ్రతుకుతుందని వారు అనుకోలేదు.

2018 ఫిబ్రవరిలో తెలుగు లిపికే సంబంధించిన వింత ఒకటి జరిగింది. జకారం, పొల్లు, ఞకారం, కంటికి కనిపించని ఒక వేర్పాటు సంకేతం, దీర్ఘం—ఈ ఐదు ఇదే క్రమంలో వచ్చినప్పుడు ఐఫోనులో సందేశాలు చూపే సాఫ్ట్‌వేర్ కుప్పకూలింది. ఆకతాయిలు పనిగట్టుకొని ఆ వరుసను ఒకరికొకరు పంపుకున్నారు. ఆ నెల 19న ఆపిల్ సంస్థ సవరణ విడుదల చేసింది. వార్తలలో మాత్రం ఫోన్లను పడగొట్టినది ఒక తెలుగు అక్షరమనే మాట మిగిలింది. జ్ఞానానికీ జ్ఞాపకానికీ మొదట నిలిచే అక్షరం పాపం ఏమీ చేయలేదు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు స్థానం ఉన్నది. అయితే తెలుగు అక్షరాలు పక్కపక్కన ఊరక నిలబడవు. ఒత్తులై, గుణింతాలై ఒకదానిలో ఒకటి కలుస్తాయి. ఆ కలయికలన్నిటినీ ఎవరో ఊహించి పరీక్షించి ఉండవలసింది.

ఫోను కూలితే లోకమంతా మాట్లాడుకుంటుంది. పేరులో వచ్చే పగులును గురించి ఎవరూ మాట్లాడరు. తెలుగువారు ఇంటిపేరును ముందు వ్రాస్తారు. పలువురు దానిని ఒక పొడి అక్షరంగా కుదిస్తారు. అప్పారావు అనేది ఒకే పేరు. హిందీ మాట్లాడే గుమాస్తా చెవికి అది రెండు ముక్కలుగా వినిపించి, 'రావు' వంశనామమై కూర్చుంటుంది. మరొక పత్రంలో అసలు ఇంటిపేరు చివరికి చేరుతుంది. చేతివ్రాత కాలంలో గుమాస్తా తలెత్తి ఎదుటనున్న మనిషిని చూసి, ఇద్దరూ ఒకరేనని గ్రహించి సంతకం పెట్టేవాడు. యంత్రం తలెత్తదు. రెండు వరుసల అక్షరాలను పోల్చి, సరిపోలేదని చెప్తుంది. ముప్పైయేళ్లు కొలిమి వేడిలో పనిచేసి విరమించిన వృద్ధుడు, తాను తానేనని నిరూపించుకోవడానికి అఫిడవిట్ వ్రాయించుకోవలసి వస్తుంది.

మొదటి పేరుకు ఒక గడి, చివరి పేరుకు ఒక గడి గీసినవానికి ఈ వృద్ధునిమీద కోపం లేదు. తన ఇంటిలో పేర్లు ఎట్లా ఉన్నవో అట్లాగే లోకమంతటా ఉంటాయని అతడు అనుకున్నాడు, అంతే. ఉక్కులోని పగులును పట్టడానికి ధ్వనితరంగం ఉన్నది. కోడ్‌ను పరీక్షించేవాడు తనకు తోచినదానినే పరీక్షించగలడు. తోచనిది లోపలనే మిగిలిపోతుంది.

ఈ విషయంలో భిలాయి ప్రోగ్రామరుకు ఒక భాగ్యం ఉన్నది. ఆ ఊరిని చిన్న భారతదేశమంటారు. అతని వీధిలోనే తండ్రి పేరును పొడి అక్షరంగా మోసే తమిళుడు, ఒకే ఒక్క పేరుతో జీవితం గడిపిన ఛత్తీస్‌గఢీ ముసలమ్మ, చివరి గడిలో ఏమి వ్రాయాలో తెలియని అప్పారావు ఉన్నారు. కొత్త ఫారం తయారు చేసినప్పుడెల్లా అతడు అటువంటి పేర్లను ఒక్కొక్కటిగా అందులో ఎక్కించి చూస్తాడు. ఏ పేరు దగ్గర ఫారం ఆగిపోతుందో అక్కడ పగులు ఉన్నదని గుర్తు. అప్పుడు పేరును మార్చుకొమ్మని ఎవరికీ చెప్పడు, గడిని మారుస్తాడు.