నిన్ను ఎవురు సాగనంపినారు?

జమ్మలమడుగు,
ఆదివారం రాత్రి.

మేయ్,

వచ్చే వారం నేను బీహారుకు పోతాండా. రక్సౌల్ అని, నేపాల్ సరిహద్దు మీద ఉండే ఊరు. ఆడ డంకన్ ఆసుపత్రి ఉండాది, 1930లో సెసిల్ డంకన్ అనే డాక్టరు మొదలుపెట్టినాడు. అందులో నర్సుగా చేరతాండా. ఫోన్లో చెప్పొచ్చు గానీ, నువ్వు ఏడుస్తావు, నేనూ ఏడుస్తా, ఇంగ చెప్పాల్సింది చెప్పకుండానే పెట్టేస్తాం. అందుకే ఈ ఉత్తరం.

పోయేముందు మన ఊర్లన్నీ ఒకసారి చూసుకుందామని తిరిగినా. ప్రొద్దుటూరులో కొనేదేమీ లేకపోయినా బంగారం అంగళ్ల వీధంతా నడిచినా. అమ్మవారిశాల ముందర నిలబడితే దసరా గుర్తొచ్చింది. ఆ జనంలో నువ్వు నా చెయ్యి పట్టుకొని ఈడ్చుకొని పోయేదానివి. చర్చి పిల్లకు ఈడ ఏం పని అని ఎవురూ అడగలేదు. గండికోటకు కూడా పోయి లోయ అంచున చానాసేపు కూర్చున్నా. దేవుడి పని మీద పోయేవాళ్లకు ఊరి మీద మమకారం ఉండకూడదంటారు కొందరు. నాకట్ల అనిపించదు మే. ఈ ఊర్లను ప్రేమించడం చాతకాని దాన్ని, ఆ ఊరినేం ప్రేమిస్తా?

ముద్దనూరు, తొండూరు మీద బస్సులో పులివెందులకు పోయినా. మీ అమ్మ రాగిసంగటి, ఊరిబిండి చేసి పెట్టింది. సంచి నిండా చీనీకాయలు కట్టిచ్చింది. ఇచ్చి, అడిగింది: "మన దిక్కున జబ్బు మనుషులు లేరా పాపా? అంత దూరం పోవల్లనా?"

మీ అమ్మ అడిగింది న్యాయమే. మా క్యాంప్‌బెల్ ఆసుపత్రి సంగతి చెప్పినా. 1890లలో లండన్ మిషన్ డాక్టరు క్యాంప్‌బెల్ సముద్రం దాటి జమ్మలమడుగుకు వచ్చినప్పుడు, వాళ్ల దేశంలో మాత్రం రోగులు లేరా? ఎవురో ఒకరు కన్నతల్లిని వదిలిపెట్టి వచ్చినందుకే కదా మన పక్క ఇంతమందికి వైద్యం దొరికింది. మీ అమ్మ విని, "వాళ్లమ్మ కూడా నా మాదిరే ఏడ్చింటుంది" అనింది. అప్పుడు గానీ నాకు తట్టలేదు, ఆమె అడిగింది నా గురించి ఒక్కటే కాదు, నీ గురించి కూడా అని.

ఈ పొద్దు చర్చిలో అయ్యగారు నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసినారు. సంఘమంతా లేచి నిలబడింది. దండ వేసినారు. నాకు నువ్వే కళ్ల ముందర ఉండావు. మూడేండ్ల పిల్లోణ్ని మీ అమ్మ ఒళ్లో పెట్టి, తెల్లారక ముందే జీపెక్కి మద్రాసు విమానాశ్రయానికి పోయినావే, నిన్ను ఎవురు సాగనంపినారు? నేను పోతే సేవ అంటారు, నువ్వు పోతే కువైట్‌కు సంపాదనకు పోయింది అంటారు. ఎవురి బిడ్డల్నో సాకుతా, ఈడ ఒక ఇంటిని నిలబెడతాండావు. నీది నాకంటే చిన్న పని అని నేను ఒప్పుకోను.

జాన్ రంగయ్య గారి పేరు నీకు తెలీదేమో. మన పెన్న సముద్రంలో కలిసే నెల్లూరు సీమ నుంచి 1903లో దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు మిషనరీగా పోయినాడు. తెలుగు బాప్టిస్టు సంఘాలు తమ సొంత మనిషిని పంపించుకున్నాయి, దొరల్ని కాదు. ఎవురి కోసం? 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి చెరకు తోటల్లో కూలికి పోయిన తెలుగోళ్ల కోసం. వాళ్లు ఓడెక్కేటప్పుడు ఏ సంఘమూ లేచి నిలబడలేదు. నలభై ఏండ్ల తర్వాత అయినా వాళ్ల వెనకాల ఒక మనిషి పోయినాడు, 1915లో ఆ దేశంలోనే కన్నుమూసినాడు. ఆయన కథలో నాకు చానా ఇష్టమైంది ఇదే. పొట్ట కోసం పోయినోళ్లను ఆయన మరిచిపోలేదు.

అందుకే ప్రార్థన అయినాక అయ్యగారిని అడిగి నీ పేరు కూడా చెప్పించినా. మళ్లీ అందరూ లేచి నిలబడినారు. మా దేవుడు, మీ దేవుడు అని నువ్వు అనవని నాకు తెలుసు.

మీ అమ్మకు బీపీ చూసినా, ఎక్కువే ఉండాది. మాత్రలు నాగా పెడతాంది. మీ పిల్లోడికి అప్పజెప్పినా, రోజూ అవ్వ మాత్ర మింగినాక క్యాలెండరులో గీత పెట్టమని. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా ఎన్ని గీతలు పెట్టినావురా అని వాణ్నే అడుగు. రక్సౌల్ చేరినాక నా అడ్రసు రాస్తా.

నీ
జమ్మలమడుగు నేస్తం