చావులేని ప్రేమికుడు, తీరికలేని పాఠకురాలు

పారానార్మల్ రొమాన్స్ అంటే మనిషికీ, మనిషి కాని ప్రాణికీ మధ్య పుట్టే ప్రేమను ఇరుసుగా చేసుకున్న నవల. అందులో నాయకుడు రక్తం తాగే వాంపైర్ కావచ్చు, పున్నమినాడు తోడేలుగా మారేవాడు కావచ్చు, స్వర్గం నుంచి జారిపడిన దేవదూత కావచ్చు. నాయిక మాత్రం, టీనేజీ పాఠకుల కోసం రాసినవాటిలో, తరచుగా పదహారు పదిహేడేళ్ల మామూలు అమ్మాయే. బ్రామ్ స్టోకర్ 1897లో ‘డ్రాకులా’ను ప్రచురించినప్పుడు రక్తపిశాచి గుమ్మం దాటి రానివ్వకూడని శత్రువు; స్టెఫనీ మేయర్ 2005లో ‘ట్వైలైట్’ను ప్రచురించే నాటికి అతడు జీవశాస్త్రం క్లాసులో పక్కనే కూర్చునే సహాధ్యాయి అయ్యాడు. భయపెట్టవలసినవాడు మనసు దోచుకోవడానికి నిషిద్ధ ఫలం మీది మోజే కారణమని సాధారణంగా చెబుతారు. అది నిజమే కాని, విశాఖపట్నంలో ఇంటర్మీడియట్ చదువుతున్న అమ్మాయి వైపు నుంచి చూస్తే, ఆ నవలల బలం కోరల్లో కంటే కాలంలో ఎక్కువగా ఉందనిపిస్తుంది.

గాజువాకలోనో ఉక్కునగరం క్వార్టర్లలోనో తెల్లవారకముందే పుస్తకం ముందు కూర్చుని, చీకటి పడ్డాక కాలేజీ బస్సు దిగే ఆ పిల్ల రోజులో స్టడీ అవర్లకూ వారాంతపు పరీక్షలకూ చెందని గంట దొరకడం కష్టం. ఆమెను చూసే ప్రతి చూపు మార్కులనో ర్యాంకునో వెతుకుతుంది. అటువంటి పాఠకురాలికి ఎదురుపడే ‘ట్వైలైట్’ నాయకుడు ఎడ్వర్డ్ కలెన్ 1901లో షికాగోలో పుట్టి, 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాలో ప్రాణం పోయే స్థితిలో వాంపైర్‌గా మారి, ఆ తరువాత ఎప్పటికీ పదిహేడేళ్లవాడుగానే మిగిలిపోయినవాడు. అతడు నిద్రపోడు, ముసలివాడు కాడు, పైగా అదే హైస్కూలు చదువును మళ్లీ మళ్లీ చదివాడు కనుక అతడికి పరీక్ష అనేది లెక్కలోకి రాని విషయం. అనంతమైన తీరిక ఉన్నవాడు ఆ తీరికనంతా ఒక్క అమ్మాయి మాట వినడానికే ఖర్చు చేయడం కన్నా పెద్ద వైభోగాన్ని ఆ వయసు ఊహించుకోలేదు.

వాంపైర్ అంటే రాత్రి గుర్తుకొస్తుంది కనుక, ఆ రాత్రికి ఈ నగరంలో ఉన్న అర్థాన్ని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1966 నాటి ఉద్యమంతో సాధించుకున్న ఉక్కు కర్మాగారంలోని బ్లాస్ట్ ఫర్నేసులు, అంటే ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే మహా కొలుములు, గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అన్న చల్లని పేర్లతో ఉన్నా, చీకటి పడిందని చల్లార్చడానికి వీలైనవి కావు కనుక, వాటి కోసం మనుషులు వంతులవారీగా మేలుకుంటారు. రాత్రంతా సాగే సి షిఫ్టు దిగివచ్చిన తండ్రి కిటికీలు మూసుకుని పగలు నిద్రపోతుంటే, టీవీ గొంతు నొక్కి, గిన్నె చప్పుడు కాకుండా, మునివేళ్ల మీద తిరగడం ఆ ఇళ్లలో పిల్లలకు చిన్ననాడే అలవాటవుతుంది. అక్కడ రాత్రి అంటే పని; నవలలో అదే రాత్రి ఎవరికీ లెక్క చెప్పనక్కరలేని కాలం.

తెలుగువారికి ఈ తరహా ప్రేమ కొత్తది కాదు. పదహారో శతాబ్దిలో అల్లసాని పెద్దన రాసిన ‘మనుచరిత్ర’లో పాదలేపంతో హిమాలయాలకు వెళ్లిన ప్రవరుడు, ఆ లేపం మంచులో కరిగిపోవడంతో చిక్కుకుని, వరూధిని అనే అప్సరస కంటపడతాడు. అక్కడ ప్రేమించినది అమర్త్య, కాదన్నది మర్త్యుడు. ట్వైలైట్‌లో నిగ్రహమంతా అమరుడి వంతు. ప్రవరుడు వెళ్లిపోయాక, ఆమె ఇదివరకు తోసిపుచ్చిన గంధర్వుడొకడు అతడి రూపంలో వచ్చి, సంగమవేళ కళ్లు మూసుకోవాలన్న షరతు పెట్టి, ఆమెను మోసగిస్తాడు. ప్రేమించే మనసు రూపాన్ని చూసి ఎంత సులభంగా మోసపోతుందో పెద్దనకు తెలిసినంతగా ఈనాటి నవలాకారులకు తెలుసునని చెప్పడం కష్టం. ఆ వరూధిని సంతతి సినిమాలో బాగానే వర్ధిల్లింది: 1990లో వచ్చిన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లో ఇంద్రకుమార్తె ఉంగరం పోగొట్టుకుని, దాని కోసం భూమి మీదే ఉండిపోతుంది.

పుస్తకాలలో మాత్రం ఆ దారి తెగింది. 1947లో మొదలైన ‘చందమామ’ మాంత్రికులనూ రాక్షసులనూ పన్నెండేళ్ల వయసు దాకా ఇచ్చింది. ఆ పైన వారపత్రికల సీరియళ్లలో, యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ తరువాత, అతీతశక్తి అంటే చేతబడి, క్షుద్రపూజ అయ్యాయి. అద్దెకిచ్చే షాపుల్లో అట్టలు నలిగి, దారంతో మళ్లీ కుట్టించుకున్న ఆ నవలలను పిల్లలూ చదివారు. కాని అవి పెద్దల భయాల గురించి పెద్దలకోసం రాసినవి. పదిహేనేళ్ల మనసుకు సొంతమైన తెలుగు పుస్తకాలు మరీ తక్కువగా వచ్చిన ఆ ఖాళీలోకే ఇంగ్లీషు వాంపైర్ నడిచి వచ్చాడు.

ట్వైలైట్‌లో అమ్మాయి నిద్రపోతుంటే, ఆమెకు తెలియకుండా గదిలో నిలబడి చూసే ప్రేమికుణ్ణి పెద్దలు శంకించడంలో న్యాయముంది. కాపలాను ప్రేమ అనుకునే అలవాటు ఏ వయసుకూ మంచిది కాదు. అయినా వరూధినికి దక్కనిది ఒకటి ఈ పాఠకురాలికి దక్కుతోంది. తాను ఎవరో, తనవల్ల ఏ ప్రమాదముందో ఆ యువకుడు ముందే ఒప్పుకుంటాడు, కళ్లు మూసుకోమని అడగడు. చాలామంది చేతులు మారిన ట్వైలైట్ ప్రతిని బల్లమీద వదిలితే, అది తనంత తానుగా తెరుచుకునేది తరచుగా ఆ ఒప్పుకోలు ఉన్న పదమూడో అధ్యాయం దగ్గరే. అక్కడ అడవి మధ్య పచ్చికబయలులో అతడు చొక్కా గుండీలు విప్పుకుని ఎండలో పడుకుని, తన చర్మం వజ్రాల పొడి చల్లినట్టు మెరవడాన్ని ఆమెకు దాచకుండా చూపిస్తాడు. అది శనివారం, ఆ రోజంతా వాళ్లిద్దరికీ వేరే పనేమీ లేదు.